తీర్పరి లేని చోట తగవులు తీరేదెలా?

ఇంగ్లీషు వికీపీడియాలో పెరుగు గురించిన వ్యాసం పేరు మీద 2003 చివర మొదలైన తగవు 2011 దాకా సాగింది. అమెరికన్లు ఆ మాటను ఒక అక్షరం తక్కువగా రాస్తారు, బ్రిటిష్ వాళ్లు మధ్యలో ఒక 'హెచ్' చేర్చి రాస్తారు. ఆ హెచ్ ఉండాలా, తీసేయాలా అన్నదే గొడవంతా. 2012 డిసెంబరులో ఒక స్టార్ ట్రెక్ సినిమా పేరు మధ్యనున్న చిన్న మాటను పెద్దక్షరంతో మొదలుపెట్టాలా వద్దా అని లేచిన చర్చ 40,000 పదాలు దాటింది. పత్రికలు వీటిని తమాషా వార్తలుగా వేశాయి. నాకు మాత్రం తమాషాగా కనిపించవు. రాసేవాళ్లకు జీతం లేదు, పైన అధికారి లేడు, చాలామంది ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. అయినా ఆ ఎనిమిదేళ్ల గొడవ ఒక నిర్ణయంతో ముగిసింది. అదెలా సాధ్యమైంది, ఎక్కడ సాధ్యం కాలేదు అన్నది తీరిగ్గా పరిశీలించాల్సిన ప్రశ్న. తెలుగు వికీపీడియా కూడా ఇరవై ఏళ్లు దాటింది కనుక ఇది మన ఇంటి ప్రశ్న కూడా.

అచ్చు విజ్ఞాన సర్వస్వాలకు ఈ బాధ లేదు. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నప్పుడు దానికో సంపాదకుడు ఉన్నాడు, ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చే బాధ్యత ఆయనది. వికీపీడియాకు ముందు జిమ్మీ వేల్స్, లారీ సాంగర్ నడిపిన న్యూపీడియాలోనూ నిపుణుల పరిశీలన దాటాకే వ్యాసం బయటికి వచ్చేది. 2001 జనవరి 15న వికీపీడియా మొదలైనప్పుడు ఆ గడప తీసేశారు. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. కానీ ఒక విషయానికి ఒకే వ్యాసం ఉండాలి. నీకు నచ్చినట్టు ఒకటి, నాకు నచ్చినట్టు ఇంకొకటి రాసుకునే వీలు లేదు. తగవుకు మూలం ఇక్కడే ఉంది. బ్లాగు రాసేవాడికి పక్కవాడితో పేచీ వస్తే తన బ్లాగులో తాను రాసుకుంటాడు. ఇక్కడ ఇద్దరూ ఒకే పేజీలో ఉండి తీరాలి.

అందుకని మొదట్లోనే ఒక తెలివైన పని చేశారు. ఎవరి మాట నిజం అన్న ప్రశ్నను పక్కనపెట్టి, ఆ మాటను నమ్మదగిన ఏ పుస్తకం, ఏ పత్రిక చెప్పింది అని అడగడం మొదలుపెట్టారు. తటస్థ దృక్కోణం, నిర్ధారించుకోగలిగే మూలాలు, సొంత పరిశోధనకు చోటు లేకపోవడం అనే మూడు సూత్రాల సారం ఇదే. దీంతో సగం తగవులు మొదలవకుండానే ఆగిపోతాయి. మూలాలు రెండు రకాలుగా చెబితే ఇద్దరి మాటా రాసి, ఏది ఎవరిదో చెప్పవచ్చు. మిగిలే సగమే కష్టం. రెండు మాటల్లో దేనికెంత చోటివ్వాలి, ఏ మూలం నమ్మదగింది, మొదటి వాక్యంలో ఏ విశేషణం పడాలి, వ్యాసం పేరేమిటి? వీటికి ఏ పుస్తకమూ నేరుగా జవాబివ్వదు.

రోజువారీ పని నడిచే తీరు ఇలా ఉంటుంది. ఒకరు ధైర్యంగా మారుస్తారు. నచ్చని మరొకరు ఆ మార్పును రద్దు చేస్తారు. ఆ తర్వాత ఇద్దరూ చర్చ పేజీకి రావాలి. ప్రతి వ్యాసానికీ వెనక ఒక చర్చ పేజీ, ఎవరు ఏ నిమిషాన ఏం మార్చారో చూపే చరిత్ర పేజీ ఉంటాయి. ఈ చరిత్ర పేజీకి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు. 'నేనలా అనలేదు' అనడానికి వీలుండదు, అన్నది అక్కడే ఉంటుంది. పోగొట్టుకున్నది ఏదీ ఉండదు, ఒక్క నొక్కుతో పాత ప్రతి తిరిగొస్తుంది. అయితే ఆ సౌలభ్యమే దిద్దుబాటు యుద్ధాలకు కూడా కారణం. నువ్వు రద్దు చేస్తే నేను తిరిగి పెడతాను, నేను పెడితే నువ్వు మళ్లీ తీస్తావు. 2004 నవంబరులో ఇంగ్లీషు వికీపీడియా దీనికొక గీత గీసింది. ఒక పేజీలో 24 గంటల్లో ఒక మనిషి మూడుసార్లకు మించి ఇతరుల మార్పుల్ని తిప్పికొట్టకూడదు. అతని మాట సరైనదైనా సరే. దాటితే, సముదాయం తనలోంచే ఎంచుకున్న నిర్వాహకులు అతని ఖాతాను కొంతకాలం నిరోధిస్తారు. న్యాయం ఎవరి వైపుందో చూడకుండా కొట్లాటను మాత్రం ఆపే నియమం ఇది. అందుకే పనిచేస్తోంది.

ఇద్దరి వల్ల కాకపోతే ఎక్కాల్సిన మెట్లు కొన్ని ఉన్నాయి. సంబంధం లేని ఒక్కరిని పిలిచి మూడో అభిప్రాయం అడగవచ్చు. వివాద పరిష్కార వేదికకు తీసుకెళ్లవచ్చు. సముదాయమంతటి అభిప్రాయం కోరుతూ ప్రకటన పెట్టవచ్చు. అది మామూలుగా నెల రోజులు నడుస్తుంది. చివరన, ఆ చర్చలో పాల్గొనని ఒకరు అంతా చదివి, తలలు లెక్కపెట్టకుండా వాదనల బలాన్ని తూచి సారాంశం రాస్తారు. మొదట్లో ఒక మధ్యవర్తిత్వ సంఘం కూడా ఉండేది. పిలిచేవాళ్లు తగ్గిపోయి 2018లో దాన్ని మూసేశారు. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. లాంఛనంగా కూర్చునే సంఘం కంటే, దారిన పోతూ ఒక చూపు చూసి నాలుగు మాటలు రాసిపోయే మనిషే ఎక్కువ పనికొచ్చాడని అనుభవం తేల్చింది.

ఈ మెట్లన్నీ సరిపోని సందర్భం గ్‌డాన్‌స్క్ నగరానిది. ఇవాళ అది పోలండులో రేవు పట్టణం. జర్మన్లు దాన్ని డాన్‌జిగ్ అంటారు. శతాబ్దాల తరబడి ఏలికలు మారిన ఊరు, రెండో ప్రపంచయుద్ధం మొదటి తుపాకులు పేలిన ఊరు. దాని పేరు ఎలా రాయాలన్నది రెండు జాతుల గాయం. ఒకరు గ్‌డాన్‌స్క్ అని రాస్తే ఇంకొకరు డాన్‌జిగ్ అని దిద్దడం, వందల వ్యాసాల్లోకి పాకింది. ఆ ఊళ్లో పుట్టిన శాస్త్రవేత్తల జీవితాలు, యుద్ధాలు, సంధులు, ఏదీ మిగల్లేదు. చివరికి 2005లో, ఇలాంటి విషయాల్లో ఓట్లు వేయడం ఆనవాయితీ కాకపోయినా, ఓటింగు పెట్టారు.

అక్కడ తేలిన పరిష్కారం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. పేరు ఒకటా రెండోదా అని తేల్చకుండా కాలాన్ని విడదీశారు. 1308కి ముందు సంగతులు రాసేటప్పుడు గ్‌డాన్‌స్క్, 1308 నుంచి 1945 దాకా డాన్‌జిగ్, ఆ తర్వాత మళ్లీ గ్‌డాన్‌స్క్. మనిషి జీవితచరిత్ర అయితే, అతను స్పష్టంగా జర్మన్ అయితే జర్మన్ పేరు ముందు రాసి పక్కన పోలిష్ పేరు, పోలిష్ మనిషి అయితే అటుదిటు. ఉమ్మడి చరిత్ర ఉన్న ఊళ్లకు వ్యాసంలో మొదటిసారి వచ్చినప్పుడు రెండో పేరు కూడా చెప్పాలి. ఎవరి పేరూ చెరిగిపోలేదు, ఎవరూ అన్ని పేజీలూ గెలవలేదు. దీంతో అందరికీ తృప్తి కలిగిందని చెప్పను. కానీ రేపు కొత్తగా వచ్చినవాడు పేరు మార్చబోతే చూపించడానికి ఒక నిర్ణయం ఉంది. స్వచ్ఛందంగా పనిచేసే చోట ఇది పెద్ద ఆస్తి. ఒకే తగవును మళ్లీ మళ్లీ పడనక్కర్లేకపోవడం కంటే వాళ్ల కాలాన్ని కాపాడేది మరొకటి లేదు.

పరిశోధకులు ఈ చరిత్ర పేజీలన్నిటినీ గాలించారు. తాహా యస్సేరీ, యానోష్ కెర్టేస్ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం లక్షలాది వ్యాసాల్లో నిజంగా పోట్లాట నడిచేవి అతి కొద్ది. అందులోనూ ఎక్కువ ఎప్పుడో ఒకప్పుడు ఒప్పందానికి వస్తాయి. ఎడతెగకుండా సాగేవి చాలా తక్కువ. ఆ బృందంలోని కొందరు పది భాషలను పోల్చినప్పుడు మతం, రాజకీయం అన్ని చోట్లా కనిపించాయి గానీ, స్థానిక పట్టింపులు వేరువేరుగా తేలాయి. స్పానిష్‌లో ఫుట్‌బాల్ క్లబ్బుల మీద కూడా కొట్లాడుకుంటారు. ఈ అధ్యయనాల వల్ల ఒక అపోహ తొలగాలి. వికీపీడియా నిత్య కురుక్షేత్రం కాదు. కానీ జనం ఎక్కువగా చదివే పేజీలూ, ఎక్కువగా కొట్లాడుకునే పేజీలూ చాలాసార్లు ఒకటే కావడం వల్ల ఆ కొద్ది వ్యాసాల బరువు ఎక్కువ.

ఇంకో అధ్యయనం నన్ను ఆలోచనలో పడేసింది. సముదాయం అభిప్రాయం కోరుతూ ఇంగ్లీషు వికీపీడియాలో పెట్టిన వేలాది ప్రకటనలను 2018లో కొందరు పరిశీలించారు. వాటిలో దాదాపు మూడో వంతు ఏ నిర్ణయమూ లేకుండా మురిగిపోయాయి. ప్రపంచంలో ఎక్కువమంది సంపాదకులున్న వికీపీడియాలోనే ఇది పరిస్థితి. కారణాల్లో ముఖ్యమైనది, చదివి ముగించడానికి అనుభవమున్న, ఆసక్తి ఉన్న బయటి మనిషి దొరకకపోవడం. నలభై మంది రాసిన వాదనలు చదివి, తనకు సంబంధం లేని విషయంలో సారాంశం రాసి, ఆపైన ఓడినవాళ్ల కోపం మోయడానికి ఎవరు ముందుకొస్తారు? వచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్ల పేర్లు పాఠకులకు ఎప్పటికీ తెలియవు. వికీపీడియాను నిలబెడుతున్నవాళ్లలో నేను మొదట చెప్పేది వాళ్లనే.

అభిప్రాయభేదం దానికదిగా చెడ్డదేమీ కాదని కూడా తేలింది. 2019లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన రెండు లక్షలకు పైగా వ్యాసాలను తీసుకుని, వాటిని రాసినవారి రాజకీయ మొగ్గును అంచనా కట్టింది. రెండు వైపుల వాళ్లూ కలిసి రాసిన వ్యాసాలు ఒకే వైపు వాళ్లు రాసినవాటి కంటే మెరుగ్గా ఉన్నాయి. వాటి చర్చ పేజీలు పొడుగు, వాదనలు ఎక్కువ, నియమాలను ఉదహరించడం ఎక్కువ. ఇది సహజమే. ఎదురుగా ఒప్పుకోని మనిషి కూర్చుని ఉంటే ప్రతి వాక్యానికీ ఆధారం వెతుక్కోక తప్పదు. కాబట్టి తగవులు లేకుండా చేయడం మన లక్ష్యం కాకూడదు. మనుషులు వెళ్లిపోకుండా తగవు నడవాలి.

మనుషులు వెళ్లిపోవడం మాత్రం జరుగుతూనే ఉంది. ఇంగ్లీషు వికీపీడియాలో చురుకైన సంపాదకుల సంఖ్య 2007లో శిఖరానికి చేరి తర్వాత తగ్గింది. ఆరన్ హాఫేకర్, అతని సహచరులు 2013లో దీనికి కారణం వెతికారు. దుశ్చర్యలను అడ్డుకోవడానికి కట్టిన గోడలే మంచి మనసుతో వచ్చిన కొత్తవాళ్లనూ వెనక్కి పంపేశాయని తేల్చారు. మొదటిరోజు రాసింది ఒక్క మాట వివరణ లేకుండా మాయమైతే రెండోరోజు ఎవరొస్తారు? పాతవాళ్లకు నియమాల సంక్షిప్త నామాలన్నీ కంఠోపాఠం. కొత్తవాడికి అదంతా కోర్టు భాష. చర్చలో ఓపిక ఎక్కువున్నవాడు, రోజంతా కంప్యూటరు ముందు కూర్చోగలవాడు గెలుస్తాడన్న విమర్శలో నిజముంది. ఈ వాతావరణం స్త్రీలను దూరం చేస్తోందని పరిశోధనలు చెప్పాయి. వికీపీడియాను నిర్వహించే సంస్థ వికీమీడియా ఫౌండేషన్ 2011లో చేయించిన సర్వేలో స్త్రీలు పదో వంతు కూడా లేరు. ఏ పద్ధతినైనా అది ఎన్ని తగవులు ముగించిందన్న దానితో పాటు ముగిసేనాటికి ఎందరు మిగిలారన్న దానితో కూడా కొలవాలి.

ఇంగ్లీషు వికీపీడియాలో తగవు తీర్చే మెట్లలో అన్నిటికన్నా పైది మధ్యవర్తిత్వ న్యాయ సంఘం. 2003 చివర జిమ్మీ వేల్స్ ప్రకటించగా 2004లో పని మొదలుపెట్టింది. అప్పటిదాకా చివరి మాట ఆయనదే ఉండేది. సభ్యుల్ని సంపాదకులే ఏటా ఎన్నుకుంటారు. ఈ సంఘం వ్యాసంలో ఏముండాలో చెప్పదు. మనుషులు ఎలా ప్రవర్తించారో మాత్రమే విచారిస్తుంది. 2009లో సైంటాలజీ చర్చి సొంత నెట్‌వర్కుల నుంచి దిద్దుబాట్లను నిషేధించినప్పుడూ, 2015లో గేమర్‌గేట్ అనే వీడియో గేముల వివాదం మీద ఇచ్చిన తీర్పులోనూ చేసింది అదే. అతి సున్నితమైన అంశాల్లో నిర్వాహకులకు అదనపు అధికారాలు ఇచ్చింది. కొన్నిచోట్ల 30 రోజుల అనుభవం, 500 దిద్దుబాట్లు లేనివారు వ్యాసాన్ని తాకలేరు. మన దేశపు కులాల వ్యాసాలకు కూడా ఇంగ్లీషు వికీపీడియాలో ప్రత్యేక ఆంక్షలున్నాయి. మా కులానిది ఫలానా రాజవంశమని ఒకరు రాయడం, కాదని మరొకరు తీసేయడం చూసినవారికి ఆ అవసరం తెలుసు. ప్రవర్తనను, విషయాన్ని ఇలా విడదీయడం వల్ల సంఘం పెత్తనం పరిమితంగా ఉంది. కానీ మర్యాదగా మాట్లాడుతూ మూలాలను వక్రంగా వాడేవాడిని పట్టుకోవడానికి ఈ పద్ధతికి చాలాకాలం పడుతుంది.

ఇదంతా జనం ఉన్న చోట కథ. జనం తక్కువున్న చోట ఏం జరుగుతుందో క్రొయేషియన్ వికీపీడియా చూపించింది. రమారమి 2011 నుంచి 2020 దాకా దాన్ని ఒక భావజాలానికి చెందిన చిన్న నిర్వాహక బృందం గుప్పిట్లో పెట్టుకుంది. రెండో ప్రపంచయుద్ధం నాటి ఉస్తాషా ఫాసిస్టు పాలన అకృత్యాలను పలచన చేసే రాతలు వచ్చాయి. యాసెనోవాట్స్ నిర్బంధ శిబిరం గురించిన రాతల్లో వక్రీకరణలు చోటు చేసుకున్నాయి. ఒప్పుకోనివారి ఖాతాలను నిరోధించారు. 2013లో ఆ దేశ విద్యామంత్రి జెల్కో యొవనోవిచ్ విద్యార్థులను ఆ వికీపీడియా వాడవద్దని బహిరంగంగా హెచ్చరించాల్సి వచ్చింది. అయినా మరో ఏడేళ్లు పట్టింది. 2021 జూన్‌లో ఫౌండేషన్ ప్రచురించిన నివేదిక ఇదంతా నమోదు చేసింది.

ఆ నివేదికలో నాకు ముఖ్యంగా కనిపించింది మరో విషయం. దగ్గరి భాషలు మాట్లాడే ఆ ప్రాంతానికి క్రొయేషియన్, సెర్బియన్, బోస్నియన్, సెర్బో-క్రొయేషియన్ అని నాలుగు వికీపీడియాలున్నాయి. ఒకచోట ఒప్పుకోనివాడు ఇంకోచోటికి వెళ్లిపోవచ్చు. వెళ్లిపోయాక మిగిలినవాళ్లంతా ఒకే మాట మీద ఉంటారు. చర్చ పేజీలు ప్రశాంతంగా కనిపిస్తాయి. మూలాలు చూపండి, తటస్థంగా ఉండండి అనే నియమాలు అక్కడా రాసే ఉన్నాయి. వాటిని అడిగే మూడో మనిషి లేడంతే.

అలాంటప్పుడు బయటి నుంచి ఎవరు రావాలి? 2019 జూన్‌లో ఫౌండేషన్ ఇంగ్లీషు వికీపీడియా నిర్వాహకుడు ఒకరిని తనంతట తాను ఏడాదిపాటు నిషేధిస్తే, నిరసనగా ఇరవై మంది దాకా నిర్వాహకులు బాధ్యతలు వదిలేశారు. సెప్టెంబరులో న్యాయ సంఘం ఆ నిషేధాన్ని ఎత్తేసింది. పెద్ద సముదాయం పై పెత్తనాన్ని ఇలా ఎదిరించగలదు. చిన్న సముదాయానికి ఒక్కోసారి ఆ పై చేయే దిక్కు. ఈ రెంటికీ మధ్య మార్గంగా 2021లో సార్వత్రిక ప్రవర్తనా నియమావళి వచ్చింది. దాని అమలును చూసే సమన్వయ సంఘానికి 2024లో తొలి ఎన్నికలు జరిగాయి. ఫలితం చెప్పడానికి ఇంకా వేళ కాలేదు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అక్కడ అందరూ కూడి మాట్లాడుకునే పేజీకి రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు. మనవాళ్ల తగవులు మనవే. జీవితచరిత్రల్లో 'జన్మించాడు' అని ఉంటే కొత్తగా వచ్చినవారికి మనసొప్పదు. అంత పెద్దాయనను పట్టుకుని ఏకవచనమా అని 'జన్మించారు' అని దిద్దుతారు, పేరు చివర 'గారు' చేరుస్తారు. విజ్ఞాన సర్వస్వంలో అందరినీ ఏకవచనంలోనే రాయాలన్నది అక్కడి శైలి నియమం. గౌరవం తక్కువై కాదు, ఎవరికి గౌరవం ఇవ్వాలో తేల్చే పని వ్యాసానిది కాదు గనుక. ఈ నియమం సరైనదని నేను నమ్ముతాను. కానీ దాన్ని కొత్తవారికి చెప్పే తీరు మీద అంతా ఆధారపడి ఉంటుంది. మార్పును తీసేసి ఊరుకుంటే అవమానించినట్టు అనుకుంటారు. వారి చర్చ పేజీలో రెండు వాక్యాలు రాసి కారణం చెబితే చాలామంది ఒప్పుకుంటారు.

జిల్లాల సంగతి ఇంకో ఉదాహరణ. 2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి, 2019లో ముప్పై మూడు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు ఇరవై ఆరయ్యాయి. అప్పటికి వేలాది గ్రామాల వ్యాసాలు పాత జిల్లా పేర్లతో ఉన్నాయి. ఊరు ఏ జిల్లాదని రాయాలి? ఇప్పటి జిల్లా ముందు చెప్పి, పునర్వ్యవస్థీకరణకు ముందు ఏ జిల్లాలో ఉండేదో వెంటనే చెప్పే పద్ధతి తెలంగాణ గ్రామాల వ్యాసాల్లో స్థిరపడింది. గ్‌డాన్‌స్క్‌లో చేసిన పనే ఇది, కాలాన్ని విడదీసి ఇద్దరి మాటా నిలబెట్టడం. అంత రక్తం చిందిన చరిత్ర ఇక్కడ లేకపోవడం వల్ల ఓటింగు దాకా పోలేదు.

కానీ మన అసలు కొరత వేరు. తెలుగులో నిలకడగా రాసేవాళ్లు కొద్దిమంది. వ్యాసాలు లక్ష దాటాయి గానీ చర్చల్లో తరచూ కనిపించేవి అవే పేర్లు. వాళ్లు ఒకరికొకరు తెలుసు, సమావేశాల్లో కలుస్తారు, ఒకరి మీద ఒకరికి గౌరవం ఉంటుంది. పొలం గట్టు తగాదాకు పక్క ఊరి పెద్దమనిషిని పిలిచినట్టు పిలవడానికి పక్క ఊరే లేదు. దాని ఫలితం కొట్లాటల కంటే మౌనం. ఎందుకొచ్చిన గొడవ అని ఒకరు తగ్గుతారు, రచ్చబండలో పెట్టిన ప్రతిపాదనకు జవాబు రాదు. మౌనం అర్ధాంగీకారం అంటాం మనం, వికీపీడియా సంప్రదాయం కూడా మౌనాన్ని సమ్మతి కిందే తీసుకుంటుంది. ఇద్దరు ముగ్గురే ఉన్నచోట ఆ మౌనం అంగీకారం అయి ఉండకపోవచ్చు, అలసట కావచ్చు. క్రొయేషియన్ అనుభవం మనకు జరిగిందని గానీ జరుగుతుందని గానీ నేననను. చిన్న సముదాయం ఎటు జారగలదో అది చూపించింది, అంతవరకు గుర్తుంచుకోవాలి.

చర్చ పేజీలో తీరని తగవు కోర్టుకెక్కితే ఏమవుతుందో ఈమధ్యే చూశాం. తన గురించిన ఇంగ్లీషు వికీపీడియా వ్యాసంలోని వాక్యాలు పరువు తీస్తున్నాయంటూ ఆసియన్ న్యూస్ ఇంటర్నేషనల్ అనే వార్తాసంస్థ 2024 జులైలో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ముగ్గురు సంపాదకుల వివరాలు ఇవ్వమని కోర్టు ఆదేశించింది. ఆ కేసు గురించి రాసిన పేజీని అక్టోబరులో తీసేయాల్సి వచ్చింది. 2025 మే 9న సుప్రీంకోర్టు ఆ తొలగింపు ఆదేశాన్ని కొట్టేసింది. పరువు పోయిందనుకున్నవారికి కోర్టుకు వెళ్లే హక్కుంది, కాదనలేం. కానీ మారుపేరుతో, జీతం లేకుండా, ఆధారాలు చూపి రాసినవాడి ఇంటికి సమన్లు వస్తాయంటే, రేపు ఏ వివాదాస్పద వ్యాసాన్నీ ఎవరూ తాకరు. అప్పుడు మిగిలేది జంకు లేనివాళ్లూ, డబ్బు తీసుకుని రాసేవాళ్లూ.

కనుక నేనడిగేది పెద్ద కోరిక కాదు. తెలుగు వికీపీడియాలో వ్యాసాలు రాయమని చాలామంది అడిగారు, అది మంచిదే. నేను అడిగేది చదివి అభిప్రాయం చెప్పమని. చరిత్ర పాఠం చెప్పి రిటైరైన మాస్టారు, భాషాశాస్త్రం చదివిన అమ్మాయి, జిల్లా పత్రికలో ఇరవై ఏళ్లు పనిచేసిన విలేఖరి, పాత తెలుగు పుస్తకాలు అలమారలో ఉన్న డల్లాస్ ఇంజినీరు, ఎవరైనా సరే. నెలకో గంట రచ్చబండ తెరవండి. జవాబు రాని ప్రతిపాదన ఒకటి ఎంచుకోండి. ఇద్దరి మాటా పూర్తిగా చదివి, మీ దగ్గరున్న పుస్తకంలో ఏముందో పేజీ సంఖ్యతో సహా రాయండి, మీకేది సబబుగా తోస్తుందో కారణంతో చెప్పండి, కింద సంతకం పెట్టండి. ఖాతా తెరవడానికి పైసా ఖర్చు లేదు, మీ అసలు పేరు చెప్పనక్కర్లేదు.